విదేశాల్లో బైకు టోలు: గేటు లేని రోడ్డు మీదే ఎక్కువ జాగ్రత్త

విజయవాడ నుంచి గుంటూరుకి బైకు మీద వెళ్ళేవాళ్ళకి కాజ టోల్‌గేటు దగ్గర ఆగే అలవాటే ఉండదు. కార్లు, లారీలు వరసలో నిలబడి ఉంటే ఎడమ చివర బైకుల కోసం వదిలిన సందులోంచి బండి దూరి వెళ్ళిపోతుంది, బ్రేకు కూడా సరిగ్గా పట్టుకోం. హైదరాబాద్ దారిలో కీసర దగ్గరా అంతే, ఏలూరు దారిలో పొట్టిపాడు దగ్గరా అంతే. జాతీయ రహదారుల టోలు వసూలుకి 2008లో వచ్చిన నిబంధనల్లో ద్విచక్ర వాహనాలకి ఫీజు లేదు. 2025 జూన్‌లో ఇక నుంచి బైకులకీ టోలు అని ఒక వార్త ఫోన్లన్నిటిలో తిరిగినప్పుడు కేంద్రమంత్రి గడ్కరీ అలాంటిదేమీ లేదని ఖండించాల్సి వచ్చింది. మన దేశంలోనూ తేడాలు లేకపోలేదు: యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద బైకుకి కూడా డబ్బు కట్టాలి, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుని అసలు రానివ్వరు. కానీ మన వైపు రోడ్ల మీద ఇరవై ఏళ్ళు బండి నడిపినవాళ్ళలో కూడా చాలామంది ఒక్కసారైనా టోలు కట్టకుండానే విమానం ఎక్కుతారు.

అక్కడ దిగాక ఆల్ప్స్ కొండల్లో తిరగడానికో, జపాన్ చూడడానికో బండి అద్దెకి తీసుకుంటారు. హోటలు, పెట్రోలు, వీసా, ఇన్సూరెన్సు అన్నీ లెక్కేసుకుంటారు. టోలు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. నిజానికి బైకుకి టోలు పెద్ద ఖర్చేమీ కాదు, చాలా దేశాల్లో కారు కంటే తక్కువ, కొన్నిచోట్ల సున్నా. ఖర్చంతా పద్ధతి తెలియకపోవడం వల్ల వస్తుంది. ఐదు యూరోలతో పోయేది జరిమానా, అద్దె కంపెనీ సర్వీసు చార్జీ, కార్డు మార్పిడి ఖర్చు కలిసి వేల రూపాయలవుతుంది, అదీ ఇంటికొచ్చి అంతా మర్చిపోయాక.

బైకుకి ఒక్కో దేశం ఒక్కో రేటు ఎందుకు పెడుతుందో అర్థమైతే మిగతాది తేలిగ్గా తలకెక్కుతుంది. 1950ల చివర్లో అమెరికాలో పెద్ద ఎత్తున రోడ్డు పరీక్షలు చేసి తేల్చిన సంగతి ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లవుతుంది. ఆ లెక్కన లారీ ముందు బైకు చేసే నష్టం లెక్కలోకే రాదు. అందుకే కొన్ని ప్రభుత్వాలు బైకుని పూర్తిగా వదిలేస్తాయి. ఇంకొన్ని, రోడ్డు వేసిన అప్పు తీరాలి కదా, దాన్ని వాడుకునే ప్రతి బండీ ఎంతో కొంత ఇవ్వాలి అంటాయి. వసూలు చేయడం కూడా కష్టమే. గ్లౌజులు తీసి, జేబు జిప్పు లాగి, చిల్లర వెతికి ఇచ్చేలోపు వెనక వరస పెరుగుతుంది, ఆ తిప్పలకి వచ్చే డబ్బు చాలా తక్కువ. పైగా ఫాస్టాగ్ లాంటి పరికరం అతికించడానికి కారుకి ముందు అద్దం ఉంది, బైకుకి ఎక్కడ అతికించాలి?

అందుకే తేడాలు ఇంతింతగా ఉంటాయి. మలేసియాలో హైవే టోలు బైకులకి లేదు, చాలా టోల్‌ప్లాజాల దగ్గర బైకుల కోసం పక్కనుంచి వేరే దారి తీసి ఉంటుంది, అచ్చం మన కాజ దగ్గర సందులాగే కాకపోతే ఇంకా శుభ్రంగా. పెనాంగ్ వంతెనల మీద బైకులకి ఉండే టోలు కూడా 2019 జనవరి 1 నుంచి ఎత్తేశారు. నార్వే టోలు కేంద్రాల్లో బైకుకి చార్జీ లేదు. జర్మనీ హైవేల మీద కార్లకీ బైకులకీ టోలు లేదు; కార్లకి పెడదామని చూస్తే 2019లో యూరప్ న్యాయస్థానం కొట్టేసింది. చెక్, స్లొవాకియా, బల్గేరియా దేశాల్లో కార్లు హైవే పాసు కొనాలి, బైకులు అక్కర్లేదు. జపాన్‌లో బైకుని చిన్న కార్లతో కలిపి ఒకే తరగతిలో పెట్టారు, మామూలు కారు రేటులో సుమారు 80 శాతం. మెల్‌బోర్న్‌లో సిటీలింక్ రోడ్డు మీద కారులో సగం. స్విట్జర్లాండ్‌లో మాత్రం హైవే పాసు కారుకైనా బైకుకైనా ఒకటే, 40 ఫ్రాంకులు. ఇన్ని రకాలు చూశాక ఒక దేశంలో చూసింది పక్క దేశానికి వర్తించదని ఒప్పుకోవాల్సిందే, సరిహద్దు అరగంట దూరంలో ఉన్నా సరే.

మన చుట్టుపక్కల దేశాల సంగతి వేరు. థాయ్‌లాండ్, వియత్నాం, శ్రీలంక ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి బైకులని రానివ్వరు, కాబట్టి అక్కడ భయపడాల్సింది టోలు గురించి కాదు, మ్యాపు చెప్పిందని తెలియక ఎక్కేయడం గురించి. సొంత బండి మీద నేపాల్ వెళ్ళేవాళ్ళకి గొరఖ్‌పూర్ దాటి సునౌలీ సరిహద్దులో భన్సార్ అని కస్టమ్స్ రుసుము ఉంటుంది. అది రోడ్డు టోలు కాదు, ఎన్ని రోజులుంటారో అన్ని రోజులకి ముందే కట్టే డబ్బు. ఆ చీటీ తిరిగి వచ్చేదాకా పోగొట్టుకోకూడదు, ఒక రోజు అటూ ఇటూ అయ్యేలా ఉంటే ముందే రెండు రోజులు ఎక్కువ రాయించుకోవడం మంచిది.

ఇక అసలు కష్టమంతా యూరప్‌లో. అక్కడ రోజుకి రెండు దేశాలు దాటొచ్చు, డబ్బు కట్టే పద్ధతులు మూడు నాలుగు కలిసిపోయి ఉంటాయి.

ఒక దారి తీసుకుని చూద్దాం. మన వాళ్ళు ఎక్కువగా వేసుకునే దారి ఇది: మ్యూనిక్‌లో బండి అద్దెకి తీసుకుని, ఆస్ట్రియా మీదుగా ఇటలీలోని డోలమైట్స్ కొండలు, అక్కణ్ణుంచి స్టెల్వియో కనుమ, స్విట్జర్లాండ్, మళ్ళీ మ్యూనిక్. జర్మనీలో ఏమీ కట్టనవసరం లేదు. ఆస్ట్రియా మోటర్‌వే ఎక్కాలంటే విన్యెట్ కావాలి, అంటే ఇన్ని రోజులకి ఇంత అని కొనుక్కునే పాసు. 2025లో బైకుకి పది రోజుల పాసు 4.90 యూరోలు, కారుకి 12.40. ఒక్క రోజుకి కూడా దొరుకుతుంది, ఆ ఏడాది బైకుకి 3.70. ఇక్కడ గేటు లేదు, మనిషి లేడు. అద్దె బండికి ఇది ముందే ఉందా అన్నది కౌంటర్ దగ్గర అడగాలి, ఎందుకంటే మ్యూనిక్ కంపెనీ ఆస్ట్రియా పాసు కొనిపెట్టి ఉంటుందని ఏమీ లేదు. లేకుండా మోటర్‌వే ఎక్కితే కెమెరాలో పడుతుంది, అప్పుడు కట్టేది పాసు ధరకి చాలా రెట్లు.

పాసు ఉంది కదా అని ఇన్స్‌బ్రుక్ నుంచి దక్షిణంగా బ్రెన్నర్ మోటర్‌వే ఎక్కితే అక్కడ మళ్ళీ విడిగా టోలు. ఆ ముక్కకి పాసు పనికిరాదు, కారుకీ బైకుకీ ఒకటే రేటు. టావెర్న్, అర్ల్‌బెర్గ్ సొరంగాల వంటి ఇంకొన్ని చోట్లా ఇదే ఏర్పాటు. మోటర్‌వే పక్కనే పాత బ్రెన్నర్ రోడ్డు ఉంది, దానికి డబ్బు లేదు, బైకుకి అదే అందమైన దారి కూడా. నిజం చెప్పాలంటే ఆల్ప్స్‌లో బైకు మీద తిరిగేవాళ్ళకి మోటర్‌వేతో పనే తక్కువ. మలుపులు, కనుమలు చూడడానికి వెళ్ళినవాళ్ళు నేరుగా పోయే ఆరు లైన్ల రోడ్డు మీద 120లో పోయి ఏం చూస్తారు? స్టెల్వియో రోడ్డు ఎత్తు 2,757 మీటర్లు, ట్రాఫోయి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, అదేమో మామూలు ప్రభుత్వ రోడ్డు. స్విట్జర్లాండ్‌లో కూడా 40 ఫ్రాంకుల విన్యెట్ జాతీయ మోటర్‌వేలకే, కనుమ రోడ్లలో ఎక్కువ భాగానికి అక్కర్లేదు. మూడు రోజులు కొండల్లోనే తిరిగి మోటర్‌వే ఎక్కకుండా బయటపడితే ఆ 40 ఫ్రాంకులు మిగిలినట్టే. కానీ జ్యూరిక్‌లోనో జెనీవాలోనో దిగి అక్కణ్ణుంచి మొదలుపెడితే తప్పించుకోవడం కుదరదు, వర్షంలో అలిసిపోయి చీకటి పడ్డాక ఏదో ఒక చోట మోటర్‌వే ఎక్కేస్తారు. అప్పుడు దొరికితే 200 ఫ్రాంకులు, దాని పైన విన్యెట్ ధర మళ్ళీ విడిగా. అందుకని స్విస్‌లో ఒక్క రోజు కంటే ఎక్కువ ఉండేవాళ్ళు కొనేయడమే మంచిది.

కొండ రోడ్లన్నీ ఉచితం అనుకున్నా పొరపాటే. ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు 1935లో తెరిచారు, 48 కిలోమీటర్లు, మంచు వల్ల చలికాలమంతా మూసే ఉంటుంది. దానికి గేటు దగ్గర బైకుకి ముప్పై యూరోలు దాటుతుంది. ఆస్ట్రియా నుంచి ఇటలీకి దిగే టిమ్మెల్స్‌యోక్‌కీ టోలుంది. మొత్తం దేశం పాసు ఐదు యూరోలు, ఒక్క కొండ రోడ్డు ముప్పై చిల్లర! అయినా గ్రాస్‌గ్లాక్నర్‌కి ఆ డబ్బు కట్టొచ్చు. ఉదయం గేటు తెరిచిన వెంటనే ఎక్కితే టూరిస్టు బస్సుల కంటే ముందు పైకి చేరతారు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతూ రోజంతా గడపొచ్చు.

ఇటలీలోకి రాగానే పద్ధతి మారిపోతుంది. అక్కడ చాలా మోటర్‌వేల మీద లోపలికి వెళ్ళేటప్పుడు మిషన్ దగ్గర టికెట్టు తీసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు తిరిగిన దూరానికి డబ్బు కట్టాలి. ఆ చిన్న కాగితం ఎక్కడ పెట్టాలన్నదే బైకు మీద ఉన్నవాళ్ళ సమస్య. గ్లౌజులో పెడితే చెమటకి నానుతుంది, ట్యాంకు మీద క్లిప్పుకి పెడితే గాలికి పోతుంది. పోతే చాలా దూరం నుంచి వచ్చినట్టు లెక్కేసి డబ్బు అడుగుతారు. జాకెట్ ఎడమ చేతి మీద జిప్పు జేబుంటే దాన్ని టికెట్టుకి, ఒక కార్డుకి మాత్రమే వాడడం మంచిది, ఇంకేమీ అందులో పెట్టకుండా. బయటికి వచ్చే చోట పసుపు రంగు టెలిపాస్ వరసల్లోకి వెళ్ళకూడదు, అవి పరికరం ఉన్నవాళ్ళకి. పొరపాటున దూరితే వెనక్కి తిప్పడం మాత్రం అసలు చేయకూడదు, అది ప్రమాదం, నేరం కూడా. సహాయం బటన్ నొక్కాలి. కార్డు పనిచేయకపోతే మిషన్ ఒక చీటీ ఇచ్చి గేటు ఎత్తుతుంది, 15 రోజుల్లో ఆన్‌లైన్‌లో కడితే అదనం ఏమీ ఉండదు. ఆ చీటీని ఫోటో తీసి పెట్టుకోకుండా పారేసినవాళ్ళకే ఇబ్బంది.

నలుగురైదుగురు కలిసి వెళ్ళినప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. మన దగ్గర సందులోంచి వరసగా దూరిపోయే అలవాటు అక్కడ కూడా చేయి లాగుతుంది, ముందు బండికి గేటు లేవగానే వెనకవాళ్ళు కూడా దూరేస్తారు. అలా దూరినవాళ్ళ దగ్గర టికెట్టు ఉండదు, బయటికి వచ్చేటప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. పైగా గేటు కర్ర దిగేది తల మీదికే. ఒక బండి పూర్తిగా దాటి, గేటు దిగి, మిషన్ మళ్ళీ మొదటికి వచ్చాకే రెండో బండి కదలాలి. ఫ్రాన్స్‌లో బైకులది ఐదో తరగతి, కారు కంటే తక్కువ రేటు. మిషన్ ఒక్కోసారి కారు రేటు చూపిస్తే డబ్బు కట్టే ముందే సహాయం బటన్ నొక్కి బైకు అని చెప్పాలి, కట్టేశాక అడిగి లాభం లేదు.

ఇప్పటిదాకా చెప్పిన గేట్లన్నీ ఒకరకంగా మంచివే. ఎందుకంటే కట్టకుండా ముందుకి పోనివ్వవు, అంటే మర్చిపోయే వీలు లేదు. రోడ్లు ఇప్పుడు వేరే దారిలో పోతున్నాయి. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే ఏ13, ఏ14 మోటర్‌వేల మీద 2024లో గేట్లు తీసేశారు, కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, ప్రయాణం అయ్యాక 72 గంటల్లో వెబ్‌సైట్లోకి వెళ్ళి మనమే కట్టాలి. ఇటలీలో మిలాన్ పైన ఉన్న పెదెమొంటానా రోడ్డుకీ గేటు లేదు. సిడ్నీలో టోల్ రోడ్లన్నీ ఎప్పుడో నగదు ఆపేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్‌గేట్ వంతెన మీద 2013 మార్చి నుంచి డబ్బు తీసుకునే మనిషే లేడు, దాటాక 48 గంటల లోపు కట్టొచ్చు. అన్నయ్య దగ్గరికో మేనమామ దగ్గరికో అమెరికా, ఆస్ట్రేలియా వెళ్ళి వాళ్ళ బండి తీసుకుని తిరిగేవాళ్ళు మన వైపు చాలామంది. ఆ బిల్లు నడిపినవాళ్ళకి రాదు, బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఇంటికి వెళుతుంది. వెళ్ళేముందు ఆ ఇంట్లోవాళ్ళకి ఎప్పుడు ఏ వంతెన దాటారో చెప్పి, డబ్బు ఇచ్చి రావడం మర్యాద.

అద్దె బండి అయితే ఆ మర్యాదలేవీ ఉండవు. కెమెరా ప్లేటు చదువుతుంది, టోలు సంస్థ నోటీసు బండి యజమానికి పంపుతుంది, అంటే అద్దె కంపెనీకి. అద్దె కాగితాల మీద సంతకం చేసినప్పుడే తర్వాత వచ్చే టోలు, జరిమానాలు కార్డు నుంచి తీసుకోవడానికి ఒప్పుకున్నట్టు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని ప్రకారం వాళ్ళు టోలు, ఒక్కో నోటీసుకి వాళ్ళ చార్జీ కలిపి లాగేస్తారు, చాలాసార్లు టోలు కంటే ఆ చార్జీయే పెద్దది. అమెరికాలో కొన్ని కంపెనీలు బండికి టోలు పరికరం పెట్టి, దాన్ని వాడిన రోజుకి ఇంత అని విడిగా వేస్తాయి. ఇదంతా వెంటనే జరగదు. ఇటలీలో ట్రాఫిక్ జరిమానా నోటీసు విదేశాల్లో ఉండేవాళ్ళకి 360 రోజుల దాకా పంపొచ్చు. బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ఫోన్లో యూరోల్లో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తే, ఏ రోజు ఏ రోడ్డో గుర్తుచేసుకోవడానికి దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా ఉండదు.

ఆన్‌లైన్‌లో కట్టడమంటే మన వాళ్ళకి ఇంకో అడ్డంకి ఉంది, అది మన కార్డులు. రిజర్వ్ బ్యాంకు 2020 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన వల్ల కొత్తగా ఇచ్చే కార్డులు మొదట మన దేశంలో మాత్రమే పనిచేస్తాయి, విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్, కార్డు తాకించి కట్టడం ఇవన్నీ బ్యాంకు యాప్‌లో మనమే తెరుచుకోవాలి. ఇది ఇంట్లో ఉన్నప్పుడే చేయాలి. రెండోది ఓటీపీ. విదేశీ సిమ్ వేసుకుని మన సిమ్ తీసేసి సూట్‌కేసులో పడేస్తే 72 గంటల గడువు అయిపోయేదాకా ఓటీపీ రాదు. మన సిమ్‌లో కనీసం మెసేజ్‌లు వచ్చేలా రోమింగ్ ఉంచుకోవాలి. మూడోది, మిషన్ దగ్గర రూపాయల్లో కట్టమంటారా యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కాలి, రూపాయల్లో అంటే వాళ్ళు వేసే మార్పిడి రేటు ఇంకా ఎక్కువ. మన బ్యాంకు ఎలాగూ 2 నుంచి 3.5 శాతం దాకా మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తుంది. ఫారెక్స్ కార్డు ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్ళకూడదు, మనిషి లేని మిషన్లలో కొన్ని వాటిని తీసుకోవు. ఒక క్రెడిట్ కార్డు, ఒక ఫారెక్స్ కార్డు, 20 యూరోల చిల్లర విడివిడి జేబుల్లో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

విన్యెట్ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్రభుత్వ సైటులాగే కనిపించే దళారుల సైట్లు వెతుకులాటలో పైన వస్తాయి, అదే పాసుని ఎక్కువ ధరకి అమ్ముతాయి. ఆస్ట్రియాకి అక్కడి మోటర్‌వేలు నడిపే సంస్థ అస్ఫినాగ్ సైటు, స్విట్జర్లాండ్‌కి వాళ్ళ కస్టమ్స్ శాఖ నడిపే పోర్టల్, ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో 2023 ఆగస్టు నుంచి స్టిక్కర్ బదులు నంబర్ ప్లేటు మీద ఈ-విన్యెట్ తీసుకునే వీలొచ్చింది. బైకుకి ఇది పెద్ద వరం, ఎందుకంటే ఫోర్కు మీద అతికించిన స్టిక్కర్‌ని గీకి తీసుకుపోయే దొంగలకి ఇక పని లేదు. కానీ ప్లేటు ఒక్క అక్షరం తప్పు కొట్టినా అది వేరే బండికి కొన్నట్టే. సొంత బండిని కార్నే కాగితాలతో (బండిని కొన్నాళ్ళకి విదేశానికి తీసుకెళ్ళడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రాలు) ఓడలో పంపించుకునేవాళ్ళు దేశం దగ్గర ఇండియా అని ఎంచుకోవాలి, ఏపీ 39 అయినా పాత ఏపీ 16, ఏపీ 07 అయినా ఖాళీలు లేకుండా ఆర్‌సీలో ఉన్నట్టే కొట్టాలి, ఓ అక్షరానికీ సున్నాకీ తేడా రెండుసార్లు చూసుకోవాలి. అద్దె బండికైతే బుక్ చేసినప్పుడు చెప్పిన బండే ఇస్తారన్న గ్యారంటీ లేదు కాబట్టి ప్లేటు కళ్ళతో చూశాకే కొనాలి.

మ్యాపులో కూడా ఒక చిన్న తేడా ఉంది. టోలు రోడ్లు వద్దు అనే ఆప్షన్, హైవేలు వద్దు అనే ఆప్షన్ వేరు వేరు. ఇటలీలో మొదటిది సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో విన్యెట్ లేకుండా తిరగాలంటే రెండోది కూడా పెట్టుకోవాలి, గేటు లేని రోడ్డుని మ్యాపు టోలు రోడ్డుగా చూపిస్తుందని నమ్మి కూర్చోకూడదు. హైవేలు పూర్తిగా మానేస్తే రోజుకి 400 కిలోమీటర్లు అనుకున్నది 250 దగ్గర ఆగిపోతుంది, ఆ లెక్క హోటళ్ళు బుక్ చేసే ముందే వేసుకోవాలి.

అద్దె కౌంటర్ దగ్గర తాళం తీసుకునే ముందు పది నిమిషాలు దీనికే పెట్టడం మంచిది. ఈ బండికి ఏయే దేశాల విన్యెట్ ఉంది, ఏ తేదీ వరకు, టోలు పరికరం ఉంటే రోజుకి ఎంత, గేటు లేని రోడ్డు మీద వెళితే మనమే కట్టొచ్చా లేక కంపెనీయే కడుతుందా, నోటీసు వస్తే వాళ్ళ చార్జీ ఎంత. జవాబులు నోటితో వద్దు, మెయిల్లో రాసి పంపమనాలి. నంబర్ ప్లేటు, విన్యెట్ ఫోటో తీసుకోవాలి. బండి తిరిగి ఇచ్చిన రోజు రాత్రి, విమానం ఎక్కే ముందు, గేటు లేని రోడ్లు ఏవేవి దాటారో ఒకసారి చూసుకుని మిగిలినవి కట్టేసి ఆ రసీదులన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, కార్డు స్టేట్‌మెంట్ ఒక ఏడాది పాటు నెలనెలా చూస్తూ ఉండాలి. కట్టేసిన టోలుకి కంపెనీ మళ్ళీ డబ్బు లాగితే బ్యాంకుకి పంపడానికి చేతిలో ఉండేవి ఆ రసీదులే.